మొక్కు తీరని లారీ

ఊటకుంట గ్రామం,
పటాన్‌చెరు మండలం, మెదక్ జిల్లా.
తేది: 17-05-1999

శ్రీయుత మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
జిల్లా రవాణా కార్యాలయం, సంగారెడ్డి.

అర్జీదారు: చింతల లింగం, తండ్రి కీ.శే. పెద్దరాములు, వయస్సు ముప్పై ఎనిమిది, వృత్తి సొంత లారీలో నీళ్లు తోలుట.

అయ్యా,

విషయం: పాత పెట్రోలు లారీ పొగ పరీక్షలో మూడు పర్యాయములు తప్పుట – తప్పుటకు గల కారణము దొరికియు దానిని తొలగించుటకు వీలు లేకుండుట – ఏడు దినముల తాత్కాలిక సర్టిఫికెట్ ఇప్పించి మా ఇంటిని, ఊరిని ఒడ్డున వేయుట – గురించి.

సూచిక: ముత్తంగి వద్ద తమరు స్వహస్తములతో రాసి ఇచ్చిన మెమో, తేది 28-04-1999.

1. పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా, సదరు లారీ మా నాయన మిలిటరీ వారి వేలంలో కొన్నది. చిన్నది, ఆకుపచ్చ రంగుది, పెట్రోలుతో నడుచునది. దాని వెనుక నీళ్ల ట్యాంకు బిగించబడినది. మా ఊరి బోర్లలో నాలుగేళ్లుగా నీళ్లు పచ్చగా వస్తున్నందున భానూర్ వైపు ఒక మంచి బావి నుంచి రోజుకు నాలుగు ట్రిప్పులు నీళ్లు తెచ్చి అరవై నాలుగు ఇళ్లకు పోయుట నా పని. పెద్ద ట్యాంకర్లు మా ఊరి కల్వర్టు దగ్గర మలుపు తిరగవు. ఒకటి ప్రయత్నించి కాలువలో కూర్చుంది. దాన్ని బయటికి లాగింది మా లారీయే.

2. తా. 28-04-1999న తమరు ముత్తంగి దగ్గర మమ్ములను ఆపి, కాగితములు పరిశీలించి, మా ట్యాంకులోని నీళ్లు ఒక గ్లాసు తాగి, బాగున్నాయని అన్నారు. తదుపరి మెమో రాశారు. ముప్పై దినములలో పొగ సర్టిఫికెట్ చూపవలెననియు, అంతవరకు బండి రోడ్డెక్కరాదనియు, పరీక్షకు పోయి వచ్చుటకు మాత్రమే అనుమతి గలదనియు అందులో ఉన్నది. ఇందులో తమరి తప్పు ఇసుమంతైనా లేదు. రూలు రూలే. ఆ రోజు నుంచి మా ఊరి ఆడవాళ్లు మెయిన్ రోడ్డు దాకా నడిచి, పంచాయతీ ట్యాంకరు దగ్గర నిలబడి, బిందెలు మోసుకొస్తున్నారు. మా పక్కింటి పుష్పమ్మ ఐదు బిందెల వరకు ఎండను తిడుతుంది. ఆరో బిందెకు లారీ ముందు ఆగి లారీని తిడుతుంది. నేను ఇంట్లోంచి వింటూ ఉంటాను. ఆమె తిట్టేది లారీని కాదని నాకు తెలుసు.

3. తా. 03-05-1999న పటాన్‌చెరులోని పొగ పరీక్ష కేంద్రమునకు బండిని తీసుకుపోవడమైనది. కేంద్రము నిర్వాహకులు శ్రీ సూర్యారావు గారు గోదావరి జిల్లా వారు. ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా పనిచేసి, ముందుగానే రిటైరై ఈ కేంద్రం పెట్టుకున్న మర్యాదస్తులు. లారీ అనగానే ఆయన కాగితం మీద డీజిల్ అని రాశారు. కాదండీ పెట్రోలని నేను మనవి చేయగా, పెట్రోలు లారీ ఈ కాలంలో ఎక్కడుందండీ అని నవ్వారు. ట్యాంకు మూత తీసి వాసన చూపించిన మీదట డీజిల్ కొట్టేసి పెట్రోలు రాశారు. యంత్రం గొట్టాన్ని మా సైలెన్సరులో పెట్టారు. పొగలో మూడు శాతం లోపు ఉండాల్సిన విషవాయువు నాలుగున్నర వచ్చింది. తప్పింది.

4. అంతట మా మిస్త్రీ సత్తయ్య షెడ్డులో కార్బొరేటర్ విప్పి, జెట్లు మార్చి, ప్లగ్గులు మార్చి, ఇంజిను చప్పుడు తేనెటీగ చప్పుడులాగా చేశాడు. తా. 07-05-1999న మళ్లీ పోయాము. దాదాపు ఆరు వచ్చింది. సత్తయ్య మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. తా. 12-05-1999న ఏడు దాటింది. బడిలో చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ నాకు ఇలా మార్కులు పెరగలేదు.

సూర్యారావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఏమండీ లింగం గారూ, మీరు బండిని బాగుచేయించి తెస్తున్నారా, చెడగొట్టించి తెస్తున్నారా? కిరసనాయిలు గానీ కలుపుతున్నారా?" అని అడిగారు.

కిరసనాయిలు మాట వినగానే సత్తయ్యకు రోషం వచ్చింది. "సారూ, నా షెడ్‌ల ఇంజిను మంచిగ పాట పాడ్తది. గీడికి రాంగనే దగ్గుతది. మీ మిషిన్ల ఏమున్నదో నాకేం ఎర్క?" అన్నాడు. యంత్రాన్ని అనుమానించినందుకు సూర్యారావు గారు నొచ్చుకున్నారు. ఇద్దరినీ సముదాయించి టీ తాగించి తీసుకువచ్చాను.

5. ఈ అంశములో మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగగొట్టముల గురించియు, మా బోరు నీళ్ల రంగు గురించియు రెండు పేజీలు రాశాను. పంచాయతీ గుమాస్తా చదివి, ఇది వేరే ఆఫీసుకు రాయాల్సింది, కొట్టేయమన్నాడు. కొట్టేశాను. అంకె మాత్రం ఉంచాను.

6. తా. 15-05-1999 శనివారం నేను, సత్తయ్య నాలుగోసారి పోయినప్పుడు మా అమ్మ ఎంకమ్మ తానూ వస్తానని క్యాబినులో ఎక్కి కూర్చున్నది. ఆమె వయస్సు అరవై ఐదు. రేడియేటరులో నీళ్లు పోయుట, బానెట్టు తెరుచుట, బెల్టు నొక్కి చూచుట మా నాయన కాలం నుంచి ఆమె చేతి పనులే. పరీక్షకు పోయే ప్రతి పొద్దున లారీకి పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పంపినది కూడా ఆమెయే.

ఆ రోజు యంత్రం పెట్టకముందే సూర్యారావు గారు బానెట్టు ఎత్తించారు. కార్బొరేటర్ మీద గాలిని వడగట్టే డబ్బా ఒకటి ఉంటుందని తమకు నేను చెప్పనక్కర లేదు. ఆ డబ్బాకు ఏనుగు తొండం లాంటి గొట్టం ఉన్నది. ఇంజిను గాలి పీల్చేది అందులోంచే. సూర్యారావు గారు ఆ గొట్టం మూతికి అరచేయి అడ్డం పెట్టి, "ఇదేంటండీ, పీల్చడమే లేదు!" అన్నారు. టార్చిలైటు వేసి చూశారు. లోపల పసుపుపచ్చని గుడ్డ కనిపించింది. పట్టకారు అందుకున్నారు.

మా అమ్మ క్యాబినులోంచి ఎట్లా దిగిందో, ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. ఆయన మణికట్టు పట్టుకున్నది.

"ముట్టకు బిడ్డా! గది ముడుపు!"

7. అయ్యా, విచారణలో తేలిన సంగతులు ఇవి. లారీకి సర్టిఫికెట్ వస్తే బొంతపల్లి వీరభద్రస్వామి దగ్గరకు కాలినడకన వస్తానని మా అమ్మ మొక్కుకుని, పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, ఒక రూపాయి బిళ్ల పెట్టి ముడి వేసి, మొదటి పరీక్ష పొద్దున గొట్టంలో దాచింది. పరీక్ష తప్పింది. స్వామికి వినపడలేదేమోనని రెండో పరీక్షకు ఇంకొకటి పెట్టింది. మూడో పరీక్షకు మూడోది. మొత్తం మూడు ముడుపులు. గాలి తగ్గిన కొద్దీ పెట్రోలు సరిగా మండక విషవాయువు పెరుగునని సూర్యారావు గారు వివరించారు. అంటే మా అమ్మ ఎంత గట్టిగా మొక్కితే మా లారీ అంత గట్టిగా తప్పింది.

సత్తయ్యకు ఎందుకు దొరకలేదంటే, కార్బొరేటర్ విప్పాలంటే ముందు ఆ డబ్బాను గొట్టంతో సహా ఎత్తి పక్కన పెట్టాలి. డబ్బా లేకుండా ఇంజిను పాట పాడింది. బిగించాక దగ్గింది. డబ్బా అడుగున దుమ్మును పట్టే నూనె మార్చాడు గానీ గొట్టంలోకి తొంగి చూడలేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి అతను నా ఇంటికి టీకి రావడం లేదు.

"ఇన్ని జాగాలుండంగ గొట్టంల ఎందుకు పెట్టినవమ్మా?" అని అడిగాను.

"మీ నాయిన నా చెయ్యి వట్టి ఆడ పెట్టి సూపిచ్చిండు, బండి గీడికెళ్లే ఊపిరి తీస్కుంటదని. ఊపిరున్న కాడ గాక ఇంకేడ పెట్టాలె?" అన్నది.

సూర్యారావు గారు టార్చిలైటు ఆర్పేశారు.

8. ఇక అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. మొక్కు తీరకుండా ముడుపు విప్పకూడదు. సర్టిఫికెట్ వస్తేనే మొక్కు తీరుతుంది. ముడుపు విప్పితేనే సర్టిఫికెట్ వస్తుంది. ఈ మూడు ముక్కలను నేను రెండు రోజులుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను, ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మళ్లీ గొట్టం దగ్గరికే వస్తున్నాను.

సూర్యారావు గారైనా పట్టకారు వేసి లాగేస్తారేమోనని నాకు లోపల చిన్న ఆశ ఉండింది. ఆయన పట్టకారు బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి, గొట్టానికి దండం పెట్టుకున్నారు. "మా అమ్మ కూడా నా ఉద్యోగానికి ముడుపు కట్టిందండీ. కట్టినావిడ విప్పాలి గానీ మనం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నాకు పాపం, ముట్టుకోకుండా పాసని రాస్తే నాకు లైసెన్సు పోతుంది. నన్ను వదిలేయండి బాబూ" అన్నారు.

అయినా మంచి మనసు కొద్దీ డబ్బాను మొత్తం తీసి పక్కన పెట్టి ఒకసారి పరీక్ష చేసి చూశారు. రెండుంబావు వచ్చింది! మూడు లోపే! నేను, సత్తయ్య ఒకరినొకరు పట్టుకుని గంతులు వేశాము. వెంటనే ఆయన, డబ్బా బిగించి ఉన్న బండికే సర్టిఫికెట్ ఇవ్వాలని రూలు ఉన్నది, ఇది లెక్కలోకి రాదన్నారు. గంతులు ఆపివేయడమైనది.

9. వేరే డబ్బా బిగించవచ్చును గదా అని తమకు తోచవచ్చును. సత్తయ్య నిన్న ఆదివారం సికింద్రాబాదు పాత సామాను దుకాణాలన్నీ తిరిగాడు. ఈ మోడలుకు సరిపోయేది దొరకలేదు. ఒకరు పాలక్యాను చూపించారట.

దాచకుండా ఇంకొకటి కూడా రాస్తున్నాను. నిన్న పొద్దున అమ్మ పాలకేంద్రానికి పోయినప్పుడు నేను పట్టకారు తీసుకుని లారీ దగ్గరికి పోయాను. పుష్పమ్మ నాలుగో బిందె మీద ఉన్నది. పాపమైతే నాకే కానీ, ఊరికి నీళ్లు రావాలని గట్టిగా అనుకున్నాను. గొట్టంలో పట్టకారు పెట్టి గుడ్డ అంచు పట్టుకుని కొంచెం లాగాను. పసుపులో తడిపినా అంచు మీది ఎర్ర గీత పోలేదు. అది మా నాయన తలకు చుట్టుకునే రుమాలు. ఆయన పోయి ఆరేళ్లయింది. పెట్టెలో దాచుకున్న ఆ రుమాలును మా అమ్మ మూడు ముక్కలుగా చింపింది, ఈ లారీ కోసం. నాకు ఏడుపు వచ్చింది. అంచును మళ్లీ లోపలికి తోసి, బానెట్టు మూసి, ఇంట్లోకి వచ్చి ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

10. ఈ విషయమై మా అమ్మతో సుదీర్ఘముగా సంప్రదింపులు జరిపి, ఆమె షరతులను తెలుసుకోవడమైనది. ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"సారు సంతకం వెట్టిన కాయితం నా చేతికి రావాలె. గది ఏడు దినాలదైనా సరే, నేనొద్దంటనా? కాయితం వట్కొని నడ్సుకుంట బొంతపల్లి వోత. స్వామి కాడ దించి, మూడు ముళ్లు నేనే విప్పుత. గప్పుడు మీ గొట్టం మీరు ఊడ్సుకోన్రి, కడుక్కోన్రి."

డబ్బా గొట్టంతో సహా ఆమె చంకన పెట్టుకుని నడుస్తుందట. నేను మోస్తానంటే ఒప్పుకోలేదు.

11. కావున ఏలినవారు దయతలచి,

(అ) తమ కార్యాలయము ముందరనే, తమ కళ్ల ఎదుటనే, డబ్బా తీసి మా లారీకి పరీక్ష జరిపించి, ఏడు దినముల తాత్కాలిక సర్టిఫికెట్ ఇప్పించగలరు. సూర్యారావు గారు తన యంత్రమును స్కూటరు మీద తీసుకువచ్చుటకు ఒప్పుకున్నారు.

(ఆ) ఆ ఏడు దినములలో మా అమ్మ బొంతపల్లి పోయి వస్తుంది. డబ్బా తిరిగి బిగించి, తమరు చెప్పిన తేదీన పూర్తి పరీక్షకు హాజరవుతాము. అప్పుడు కూడా తప్పితే లారీ తాళం తమ బల్ల మీద పెట్టి బస్సులో ఇంటికి పోతాను. మాట తప్పను.

(ఇ) తాత్కాలిక సర్టిఫికెట్ అనే రూలు లేదని తమ గుమాస్తా గారు అనవచ్చును. ముడుపు ఉన్న బండిని ఏం చేయాలన్న రూలు కూడా లేదు గదా. రెండూ లేనప్పుడు తమ మంచితనమే రూలు.

ఒకవేళ తమరు కాదంటే ఏమవుతుందో కూడా మనవి చేయుట నా ధర్మము. 28వ తేదీతో మెమో గడువు తీరుతుంది. ఆ తర్వాత బండిని తుక్కు కింద తూచి అమ్మాలని మా తమ్ముడు అంటున్నాడు. నాకు వేరే పని దొరకదని కాదు, ఈ చుట్టుపక్కల ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరుకుతుంది. కానీ పొద్దున్నే హారను కొట్టగానే అరవై నాలుగు గడపల్లోంచి బిందెలు బయటికి వస్తాయే, ఆ పని నాకు ఇష్టం. నేను ఇది తప్ప ఇంకేదీ ఇంత ఇష్టంగా చేయలేదు.

ఇందులో రాసినదంతా నిజమనియు, కొంచెం ఎక్కువ రాశాననియు ఒప్పుకుంటూ, తమరు తీరిక చేసుకుని చిత్తగించి, మధ్యలో నవ్వు వస్తే నవ్వి, చివరికి సంతకం మాత్రం మరువకుండా చేయవలెనని కోరుతున్నాను.

ఇంజిను ఆపుకుని తమ పిలుపు కోసం కూర్చున్న
తమ విధేయుడు,
చింతల లింగం
(ఎంకమ్మ వేలిముద్ర పక్కన వేయబడినది. వేలికి పసుపు ఉన్నందున ముద్ర పచ్చగా పడినది, మన్నించగలరు.)

తా.క.: అయ్యా, ఈ అర్జీని తమ కార్యాలయం కిటికీలో ఇవ్వబోయి, గుమాస్తా గారి చేతిలోంచి వెనక్కి తీసుకుని, ఈ నాలుగు ముక్కలు గోడకు ఆనించి రాస్తున్నాను. అమ్మ నా వెంట బస్సులో వచ్చింది. నేను వరుసలో నిలబడి ఉండగా బయటికి చూస్తే, ఆమె తమ జీపు దగ్గర ఉన్నది. బానెట్టు క్లిప్పులు పెడుతున్నది. తీయడం నేను చూడలేదు, పెట్టడమే చూశాను.

ఉరుక్కుంటూ పోయి, "ఏం జేసినవమ్మా?" అన్నాను.

"సారు మనసు మెత్తగ కావాలని మొక్కిన. పొద్దుగాల్నే కట్టి తెచ్చిన" అన్నది.

"సర్కారు జీపమ్మా! నీకు దండం పెడ్త, విప్పు!"

"సంతకం గాకముందే ఎట్ల విప్పుత? నీకు ఎన్నిసార్లు జెప్పాలె?"

జీపు స్టార్టు చేసినప్పుడు నల్ల పొగ వస్తే డ్రైవరును కోప్పడవద్దు. అద్దానికి అంటించిన కాగితం కూడా చదివాను, తమ జీపు పొగ సర్టిఫికెట్ గడువు ఎల్లుండితో తీరిపోతున్నది. అమ్మ జీపు నీడలోనే కూర్చుని ఉన్నది. సంతకం కాగానే తానే విప్పి తీసుకుపోతానంటోంది.